మే నెలలో ఆరని నీళ్ల పొయ్యి

ధర్మపురి నరసింహస్వామి మీద ఒట్టు, గోదావరిలో నిలబడి చెప్తున్న అనుకోండి: ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఈ మాట చదివి నవ్వుతరు. నవ్వనీయండి.

కరోనా తగ్గిన మరుసటి ఎండాకాలం నన్ను నస్పూర్ దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా వేసిండ్రు. యాభై దాటంగనే స్వచ్ఛంద విరమణ తీసుకున్న నాకు అదే చివరి కొలువు. ఈ పదవి డాక్టరుకు కింద, ఏఎన్ఎంలకు పైన. మందు రాసే అధికారం లేదు, సూది వేసే పని లేదు. ఏ గర్భిణి పరీక్షకు వచ్చింది, ఎవరు రాలే అని ఊరంతా తిరిగి చూసుకునుడే పని. రక్తం తక్కువున్నవాళ్లను, బీపీ ఉన్నవాళ్లను, కడుపులో బిడ్డ సరిగ ఎదగనివాళ్లను వేరుచేసి 'హైరిస్క్' అంటం. వాళ్ల ఇండ్లకు సూపర్‌వైజర్ స్వయంగా పోవాలె.

ఆ ఎండ సంగతి కూడ చెప్పాలె. బొగ్గు బాయిల పక్కన ఎండ పైనుంచే కాదు, కిందినుంచి కూడ వస్తది. ఆ ఏడు మా కాలనీ కాకులు ఎగురుడు బంద్ చేసి, గోడనీడ పట్టుకొని నడిచిపోయేటివి.

మా హైరిస్క్‌లో లావణ్య ఒకతె. తొలి కాన్పు, ఏడో నెల. పెనిమిటి మస్కట్‌లో క్రేన్ నడుపుతడు, మామ బాయి పనికి పోతడు, ఇంట్లో ఆమె, అత్త మల్లవ్వ. వేవిళ్లు మామూలుగా నాలుగైదు నెలలకు తగ్గిపోతయి. ఈ పిల్లకు ఏడో నెలలో కూడ తిన్నది కడుపులో ఆగుతలేదు. బరువు పెరుగుతలేదు. టేపుతో కొలిస్తే కడుపు నెలలకు తగ్గట్టు లేదు; స్కానింగ్‌లో కూడ బిడ్డ చిన్నగున్నదనే వచ్చింది. మా డాక్టర్ మేడమ్ థైరాయిడ్ చూసింది, మూత్రం చూసింది, పెద్దాస్పత్రికి పంపి సెలైన్ పెట్టించింది. అక్కడ తేరుకునేది, ఇంటికి రాంగనే మళ్లా అదే కథ. బిడ్డ దక్కుతదో లేదో అని మేడమ్‌కు ఫికర్ పట్టుకున్నది.

నేను పోయినప్పుడల్లా వాళ్ల పెరట్లో నీళ్ల పొయ్యి మండుతనే ఉండేది. బాయి కాలనీలలో బొగ్గుకు కరువు లేదు. కోడలు స్నానం చేస్తున్నదని మల్లవ్వ చెప్పేది. పొద్దున పోయినా స్నానమే, మాపటికి పోయినా స్నానమే.

ఒకనాడు సమీక్షలో అందరు అలిసిపోయి కూసుంటే, నవ్వించుదామని ఈ సంగతి ఎత్తిన. ఆ ఇంటి స్నానం నీళ్లతో మోరీ గోదావరి లెక్క పారుతున్నదని, అక్కడ పుష్కరాలు పెట్టొచ్చని, ఆ పొయ్యికే వేరే ఒక బాయి తవ్వాలని చెప్పిన. ఏఎన్ఎంలు పడిపడి నవ్విండ్రు. మేడమ్ నవ్వలే.

"వేడినీళ్లతోనా?" అన్నది.

"పొగలు కక్కే నీళ్లు మేడమ్. పోసుకున్నంతసేపు కడుపులో తిప్పుడు ఉండదట."

మేడమ్ పెన్ను పక్కన పెట్టి లేచింది. లావణ్య ఇంటికి పోతుంటే జీపులో నాకు చెప్పింది: గంజాయి జాతి మత్తు మొదట్లో వాంతిని అణుస్తదట. రోజూ తీసుకోంగ తీసుకోంగ కొందరికి అదే తిరగబడి వాంతులు తెస్తదట. ఆ వాంతులకు మామూలు మందులు అంతగా పనిచెయ్యవు, వేడినీళ్లు పోసుకుంటే మాత్రం నిమ్మళిస్తయి. ఎందుకో ఇంకా ఎవరికీ పూర్తిగ అంతుబట్టలేదట. నేను పుట్టిచ్చిన కథలు ఎన్నో ఉన్నయి గని, గింత వింత నాకు ఎన్నడూ తట్టలే. ఆ పిల్లకు వేడినీళ్ల సంగతి ఎవరు నేర్పిండ్రు? ఎవరూ నేర్పలే. ఆమె పెయ్యి, ఆ ఒళ్లే, తనంతట తానే వెతుక్కున్నది.

బీడీ వాసన కూడ లేని ఇంట్లకు గంజాయి ఎట్ల వస్తదని నేను అడ్డం తిరిగిన. పొగ ఒక్కటే దారి కాదన్నది మేడమ్.

ఇంట్ల కూసున్నాక మేడమ్ గంజాయి పేరే ఎత్తలే. కోడలికి కడుపు నిమ్మళానికి ఏం పెడుతున్నవని అడిగింది. మల్లవ్వ మురిసిపోయి స్టీలు డబ్బా తెచ్చింది. అందులో కాగితం చుట్టిన నల్ల గోలీలు. ప్రాణహిత అవతలి సంతలో అరుగుదలకని అమ్ముతరు, హాజ్మా గోలీలంటరు. మేడమ్ ఒకటి విరిచి వాసన చూసి, కాగితం మీది సన్నని హిందీ అక్షరాలు చదివింది. భంగు. గంజాయి చెట్టు ఆకే. ఆ మాట వినంగనే లావణ్య నోరు తెరిచి గోడకు ఆనుకున్నది.

మల్లవ్వ తగ్గలే. "నా కొడుకు కడుపుల ఉన్నప్పుడు నేను తిన్న మేడమ్. వాడు గియ్యాల క్రేన్ నడుపుతుండు."

"నడపనీ అవ్వా, సంతోషమే. గీ బిడ్డ ఎదుగుతలేదు."

తల్లి రక్తంలోని మత్తు మాయ దాటి బిడ్డకు పోతదని, బిడ్డ చిన్నగ పుట్టవచ్చు, నెలలు నిండకముందే పుట్టవచ్చు, పెద్దయినంక చదువుమీద ధ్యానం నిలవకపోవచ్చు, పాలల్లో కూడ దిగుతదని మేడమ్ నిదానంగ చెప్పింది. గోలీలు బంద్ చేసి లావణ్యను ఆస్పత్రిలో పెట్టినం. మొదటి రోజులు నిద్ర లేదు, చిరాకు, వాంతులు. తర్వాత ఒక్కొక్కటి సద్దుకున్నయి. ఇంటికి పంపినంక నేను పోతే మల్లవ్వ పొయ్యి పక్కన కూసోని ఉన్నది. "పిల్ల నీళ్లు అడుగుతలేదు సార్," అన్నది, ఏదో పోగొట్టుకున్నట్టు.

అయినా కాన్పు నెల ముందే వచ్చింది. ఆడపిల్ల. నవజాత శిశువుల వార్డులో పెట్టిండ్రు. సన్నగ కీచుమని ఏడిచేది, ముట్టుకుంటే పిల్ల చేతులు వణికేటివి. ఆ వణుకు దేనికో అని షుగర్, కాల్షియం చూసిండ్రు, బాగనే ఉన్నయి. తప్పంతా గోలీలదే అనుటానికి లేదని మేడమ్ ముందే చెప్పింది. తల్లికి రక్తం తక్కువ, తిండి కూడ లేకపాయె. గోలీలు ముట్టుతలేదు కాబట్టి తల్లి పాలే పట్టుమన్నరు. బిడ్డను లావణ్య ఎదమీద, పెయ్యికి పెయ్యి ఆనేటట్టు పండబెట్టిండ్రు. అద్దం ఇవతలి నుంచి చూస్తున్న. వణుకుడు ఆగింది. ఇంత పిడికెడు ప్రాణం నిద్రపోయింది. ఆ పిల్ల ఇప్పుడు అంగన్‌వాడికి పోతున్నది. ఎదుగుదల పరీక్షలు ఇంకా చేయిస్తున్నరు.

ఇగ ఒట్టు సంగతి. కాకులది అబద్ధమనుకుంటరేమో, కాదు. నేను కల్పించింది ఒక్కటే: లావణ్య నోరు తెరిచి గోడకు ఆనుకునుడు. ఆమెకు తెలుసు. ఇంటర్ చదివిన పిల్ల, కాగితం మీది హిందీ ఎప్పుడో కూడబలుక్కొని చదువుకున్నది. వార్డులో నాకు తనే చెప్పింది.

"మొదట్ల అది ఏస్కుంటెనే రెండు బుక్కలు లోపట ఆగేటియి సార్. నేను తినకుంటె బిడ్డ ఏం తింటది అనుకున్న. మీరు గుట్కా అడిగిండ్రు, కల్లు అడిగిండ్రు, గోలీ అడగలే. అడిగినా, మీరు అడిగే తీరుకు చెప్పేదాన్ని కాదు."

చదివేవాళ్లు మధ్యలోనే ఆమె మీద కోపం తెచ్చుకుంటరేమోనని అట్ల రాసిన. ఆ కోపానికి భయపడే ఆమె మాకు చెప్పలే. అప్పటి నుంచి, నేను కొలువు వదిలేదాక, మా ఏఎన్ఎంలు ప్రతి గర్భిణినీ గంజాయి, భంగు, గోలీల సంగతి అడిగిండ్రు. ఐరన్ మాత్రలు వేసుకున్నవా అని అడిగే గొంతుతోనే అడగాలె, జవాబు ఏదైనా మొఖం మార్చొద్దు అని చెప్పిన. అట్ల అడిగినంక, అవునన్నవాళ్లు దొరికిండ్రు.