ప్రెస్ లైన్‌ను ఆపిన కమాండ్

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇది జరిగాక కూడా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

బొమ్మసంద్రలో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో మిషన్లను నడిపే కంప్యూటర్లు చూసుకోవడం నా పని. పొడవాటి కమాండ్లు ప్రతిసారీ వెతుక్కోకుండా, ఒక్కోదానికి చిన్న పేరు పెట్టి దాచుకోవడం నాకు నేర్పింది మా సీనియర్ మునిరెడ్డిగారు. ఆ పేరు కొడితే చాలు, కమాండంతా తెర మీదికి వస్తుంది. ప్రతిదాని చివరా ఆయన తన మాటల్లో ఒక జాగ్రత్త రాసేవారు. "రేపు నువ్వే మర్చిపోతావమ్మా, రాసి పెట్టుకో" అనేవారు.

పోయినేడు ఆయన, రేకును అదిమి ఆకారం తెచ్చే ప్రెస్ మిషన్ లోపల సెన్సర్ చూస్తుండగా ఎవరో మిషన్ ఆన్ చేశారు. నేను పరుగెత్తుకెళ్ళేసరికి ఛాతీ నుంచి పైన మనిషి లేడు. నెత్తురు కారి నా బూట్ల కిందికి వచ్చింది.

ఆ తర్వాత ఆయన కమాండ్లన్నీ నేనే సర్ది నా కంప్యూటర్లో పెట్టుకున్నాను. దాని పాస్‌వర్డ్ వేరెవరికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం ప్రెస్ ఆగిపోయింది. పక్కన రేకులు అందించే రోబో చెయ్యి మాత్రం తిరుగుతూనే ఉన్నట్టు నా తెర మీద కనిపిస్తోంది. "మేడం, ప్రెస్ ఆన్ చేయండి, లోడ్ వెయిటింగ్" అని సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే ప్రెస్ నడిపే కమాండ్‌కి పెట్టుకున్న చిన్న పేరు కొట్టి, చూడకుండానే ఎంటర్ నొక్కాను.

షెడ్డులో చప్పుడంతా ఒక్కసారిగా ఆగింది. తెర మీద ఉన్నది ప్రెస్‌ను నడిపే కమాండ్ కాదు. లైన్ మొత్తాన్ని ఆపేసేది. దాని చివర ఇలా ఉంది: "లోపల మనిషుండాడు, చూడమ్మా."

పరుగెత్తాను. ఇరుక్కున్న రేకు తీయడానికి లోపలికి దూరిన ఆపరేటర్ వెంకటేశును రోబో చెయ్యి ప్రెస్‌కేసి అదిమేసింది. భుజం చీలి ఎముక బయటికొచ్చింది. నోట్లోంచి నెత్తురు. తల సరిగ్గా ప్రెస్ కింద ఉంది. కడ్డీలతో రోబో చెయ్యిని ఎత్తి అతన్ని బయటికి లాగాం. అరుస్తూ అరుస్తూనే స్పృహ తప్పాడు.

తర్వాత చూస్తే, నేను దాచుకున్నచోట ఆ పేరు కింద ప్రెస్‌ను నడిపే పాత కమాండే ఉంది. ఆ ఆపే కమాండ్ నా ఫైళ్ళలో ఎక్కడా లేదు. ఆ రోజు నేను కొట్టినవాటి వరుసలో మాత్రం కనిపిస్తోంది. "కంగారులో మీరే కొట్టుంటారు" అన్నారు మేనేజర్. అప్పటికి నాకు కంగారు పడే కారణమే లేదు.

వెంకటేశు చెయ్యి తీసేశారు. ఆస్పత్రికి చూడటానికి వెళ్తే, వాళ్ళావిడ బయటికి వెళ్ళేదాకా ఆగి అడిగాడు.

"నేను లోపలుండేది నీకెవరు చెప్పిరక్కా?"