సకారం మీద విచారణ

మా ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో ఈమధ్య మొహం లేని ఖాతా ఒకటి పుట్టింది. బొమ్మ ఉండాల్సిన చోట ఒడ్డున బోర్లించిన పడవ. పేరు ఉండాల్సిన చోట ‘ఊరోడు’. అది వేసిన ప్రశ్న ఒక్కటే: “కొత్త సేపల సెడ్డులో నీడ సోట్లు ఎవుల సుట్టాలకి రాసేరో కమిటీవోలు సెప్పండి.”

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే మా ఊరు. షెడ్డులో ఇరవై నాలుగు చోట్లున్నాయి. పన్నెండు చోట్లకి మధ్యాహ్నం దాకా నీడ ఉంటుంది. తక్కిన పన్నెండింటి మీదికి తొమ్మిది గంటలకే ఎండ వచ్చి ఐసు నీరైపోతుంది. అడిగింది న్యాయమైన ప్రశ్నే. జవాబుకి ఒక కాగితం, ఒక పెన్ను చాలు. కానీ కమిటీ ప్రెసిడెంటుకి జవాబు కంటే అడిగినవాడెవడో తేలడం ముఖ్యమైపోయింది.

తేల్చే పని జెరాక్సు కొట్టు ఆయన నెత్తినేసుకున్నాడు. ఆధార్ కార్డులు కాపీ తీసిపెట్టే మనిషి. మధ్యాహ్నం బేరాలుండవు గనుక ఫోన్లో నేర పరిశోధన వీడియోలు చూస్తుంటాడు. నాలుగు రోజులు ఆ ఖాతా రాతలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, రంగుల్లో అచ్చు వేసి, ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టాడు. సున్నా చుడితే ఏదైనా సాక్ష్యంలాగే కనిపిస్తుంది.

ఆ కట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అన్నదమ్ముల చేను వాటాలూ, చెరువు మట్టి కొలతలూ ఊళ్ళో నాచేతనే లెక్క కట్టిస్తారు.

“మావా, మనిషి దొరికీసింది,” అన్నాడు గుమ్మంలోనే. “ఒకటి, ‘సెప్పండి’ అని స రాస్తంది. అంటే సదువు నేదు. రెండు, పొద్దుట పది లోపల ఒక్క రాతా నేదు. అంటే సేపల బజార్లో ఉంటాది. మూడు, ఆ పడవ ఆల ఈదిలోది. ఇంకేటి కావాల?”

ఆయన చెబుతున్నది ఒక చేపలమ్మే ఆవిడ గురించి. నాకు తెలిసినప్పటినుంచీ తట్ట పెట్టుకుని అమ్ముతోంది. నెల కిందటి మీటింగులో లేచి నీడ చోట్ల గురించి అడిగింది కూడా ఆవిడే. అసలు సాక్ష్యం అదొక్కటే. మిగతా మూడూ తర్వాత పుట్టినవి. రాసింది ఆవిడేనని తేలితే షెడ్డు జాబితాలోంచి పేరు కొట్టేస్తామని ప్రెసిడెంటు అప్పటికే అనేశాడు. పేరు పోతే ఆవిడ మళ్ళీ రోడ్డు పక్కకే.

కూడి మొత్తం వేసేవాళ్ళని చూశాను. తప్పు కూడేవాళ్ళనీ చూశాను. ముందు మొత్తం వేసేసుకుని, దానికి సరిపడా అంకెలు పైన పేర్చుకునేవాణ్ని చూడడం అదే మొదలు.

“ఊళ్ళో స పలకనోడు ఎవడయ్యా? నువ్వు పలకవా?” అన్నాను.

“నాను పలుకుతాను మావా. రాయను గదా!”

“పొద్దున పది లోపల ఖాళీగా ఉండేదెవరు? ప్రెసిడెంటు కూడా బజార్లోనే ఉంటాడు.”

“ఆయన ఎందుకు రాస్తాడేటి? నువ్వొక టేబులు గీసి పెట్టు మావా. పదిమందిలో నీ లెక్కకి ఇలువుంటాది.”

కాదని పంపేయాల్సింది. కట్ట తీసుకున్నాను. లెక్కపెట్టడానికి ఏదైనా కనబడితే నా చెయ్యి ఊరుకోదు.

రెండు రోజులు కూర్చున్నాను. మొత్తం నలభై ఒక్క రాతలు. చ, స రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన మాటలు యాభై ఎనిమిది. యాభై ఒక్కచోట స, ఏడుచోట్ల చ. ఆ ఏడూ ఎక్కడున్నాయో చూస్తే అన్నీ తగాదాలోనే. ఎవరో తిట్టినప్పుడు ఆ ‘ఊరోడు’ వేడెక్కి “చెప్పరేం? చూస్తూ ఊరుకోవాలా?” అన్నాడు. కోపంలో మనిషి నోట అలవాటైన భాష వస్తుంది గానీ బడి పుస్తకం రాదు. వీడికి అలవాటైనది చకారం. సకారం తొడుక్కున్న చొక్కా.

మర్నాడు సాయంత్రం షెడ్డులోనే సమావేశం. ఆవిడ ఖాళీ తట్ట పక్కన నిలబడింది. జెరాక్సు ఆయన కాగితాలు ఒక్కొక్కటే ఎత్తి చూపించాడు. నా వంతు వచ్చాక నేను ఆవిడ చేపలొచ్చాయని నా ఫోనుకి పంపే సందేశం చదివాను. “నమస్కారము. ఈ దినము వంజరము, కానాగంతలు వచ్చినవి. కావలసిన వారు తెలియజేయగలరు.”

జనం పకపకా నవ్వారు. నేను నవ్వలేదు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి రాసేటప్పుడు మాస్టారు ఎదుట నిలబడ్డట్టే రాస్తుంది. ‘సెప్పండి’ అని కాగితం మీద పెట్టాలంటే, అలా రాసినా తనని ఎవరూ తక్కువ చేయరన్న ధీమా ఉండాలి. అది చదువుకున్నవాడికే ఉంటుంది. అంతా విడమరిచి చెప్పి, ఏడు చకారాల లెక్క కూడా చెప్పాను.

జెరాక్సు ఆయన మొహం వెలిగింది. “అయితే రాసినోడు సదువుకున్నోడు. యాస తెలిసినోడు. అచ్చరాలు లెక్కెట్టేటంత తీరికున్నోడు,” అని మెల్లగా నావైపు తిరిగాడు. ఇరవై మంది మెడలు ఆయనతోపాటు తిరిగాయి. నేను కట్టిన లెక్క వాళ్ళకి ఇంకో వేటకి పనికొచ్చింది.

నేను నోరు తెరిచేలోపు ఆవిడే అందుకుంది. ముందు నామీదకే వచ్చింది.

“మీరూ కూకుని నా మీద లెక్కలు గట్టేరా బాబూ?”

“నీమీద కాదమ్మా, నీ తరఫున...”

“ఇంటికొచ్చి ఒక్క మాట అడిగితే పోయేది గదా? రాసేవా అంటే నేదని సెప్పీదాన్ని. దానికి రెండ్రోజులేల?”

ఆవిడ ప్రెసిడెంటు వైపు తిరిగింది. “ఓ బావా, దొంగపేరు నాకేల? నోరున్నాది. మొన్న అడిగినాను, ఇప్పుడూ అడుగుతన్నాను. నీడ సోట్లు ఎవులికిచ్చేవు? నీ మరదలికి రెండిచ్చేవా నేదా?”

“ఒసే, అది ఇప్పటి మాట కాదు...”

“మరెప్పటిదేటి? సేపలు కుళ్ళినాకా?”

ఇందాక నవ్విన ఆడవాళ్ళు ఇప్పుడు ఆవిడ వెనక్కి చేరారు. ‘సెప్పు బావా, సెప్పు’ అని అన్ని వైపులనుంచీ అందుకున్నారు. అందరిదీ సకారమే. కనిపెట్టడానికి అక్కడ రహస్యమేమీ మిగల్లేదు.

మూడోరోజుకి షెడ్డు స్తంభానికి జాబితా అంటించారు. చీట్లు తీసి పంచారట. ప్రెసిడెంటు మరదలికి ఒక్క చోటే వచ్చింది. చేపలమ్మే ఆవిడకి నీడవైపు ఐదోది. నేను వెళ్ళేసరికి బల్ల కడుక్కుంటోంది. నన్ను చూసి తలూపి, బల్ల మీద ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

స్తంభం దగ్గర జెరాక్సు ఆయన ఆ జాబితాని ఫోటో తీసి, రెండు వేళ్ళతో సాగదీసి చూస్తున్నాడు. ఆ చేతిరాత ఎవరిదో పట్టుకుంటాడట.

“అడ్డం తప్పుకో మావా,” అంది ఆవిడ జెరాక్సు ఆయనతో. “బేరాలొస్తన్నాయి.”