పొడపత్రి నమిలిన నోరు

మా ఆయనకు షుగర్ అని తెలిసిన ఏడాది వానాకాలంలో, హవేలిఘనపూర్‌లో చుట్టాల చేను కంచె మీద నుంచి పొడపత్రి తీగ ముక్కలు నాలుగు తెచ్చి ఇంటి ముందు ప్రహరీ పక్కన నాటాను. ఒక్కటే బతికింది. దానికి నేను చేసిన చాకిరీ అంతా ఇంతా కాదు. పాకడానికి తాళ్లు కట్టాను. ఎండాకాలం పాత చీర అడ్డం కట్టాను. బోరు ఎండిన రోజుల్లో బియ్యం కడిగిన నీళ్లు దాచి పోశాను. మూడో ఏటికి గోడ కనిపించకుండా అల్లుకుంది.

పొడపత్రికి ఒక గుణం ఉంది. ఆకు నమిలాక చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక వేసుకున్నట్టే ఉంటుంది. చాలాసేపు తీపి తెలియదు. నోట్లో తీపినే చంపే ఆకు ఒంట్లో చక్కెరను ఊరికే వదులుతుందా అని నా నమ్మకం. డాక్టరు రాసిన గోలీలంటే నాకు మొదటి నుంచీ పడదు. ఇంట్లో ఇంత మందు పెట్టుకుని అవెందుకని ఆయన ప్రాణం తీశాను. చివరికి మానేశానన్నాడు. రోజూ పొద్దున షాపుకు పోయే ముందు రెండు ఆకులు చేతిలో పెట్టేదాన్ని. నోట్లో వేసుకుని, మొహం చిట్లించి, బండి తీసేవాడు.

షుగర్ తగ్గింది. అంతా మా ఇంటిదాని తీగ మహిమే అని మా అన్నదమ్ముల ముందు చెప్పాడు, బజార్లో చెప్పాడు. నేను నేల మీద నడిస్తే ఒట్టు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆకు పంచాను. అందరికన్నా ముందు పక్కింటి సాయబుల పెద్దమ్మకు, ఖాలా అని పిలుస్తాం. ఆమెకూ షుగరే. మా ఆయన్ను చూసి ఆమె కూడా గోలీలు విడిచిపెట్టింది.

ఈసారి రంజాన్ పండగ పొద్దున ఆయన ఆకులు నోట్లో వేసుకుని గేటు దాకా పోయాడు. ఖాలా పండగ సేమ్యా పాయసం, షీర్ ఖుర్మా గిన్నెతో ఎదురొచ్చింది. పొద్దున్నే ఆకు నమిలిందేమో, తీపి సరిపోయిందో లేదో తనకు తెలియక కోడలితో చూపించుకుని తెచ్చానంది. పండగ పూట కాదనలేక ఆయన ఒక్క చెంచా తిన్నాడు.

"మస్తుగున్నది ఖాలా. చక్కెరే జర ఎక్కువైంది."

నేను గడపలోనే నిలబడిపోయాను. ఖాలా ఆయన మొహం వైపు చూసి, గిన్నె నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

"ఆకులేవి?" అని అడిగాను.

గేటు పక్క మురుగు పారే మోరీ చూపించాడు.

"ఎన్నొద్దుల సంది?"

"మొదటి సంది. గా చేదు నాతోని కాదు."

"మరి షుగర్ ఎట్ల తగ్గింది?"

"గోలీలు. షాపుల పెట్టుకుని ఏసుకుంటున్న. నీకు చెప్తే లొల్లి చేస్తవని చెప్పలే."

నాకు ఒళ్లు మండిపోయింది. గోలీలు వేసుకున్నందుకు కాదు. చేదు పడదని మొహం మీద చెబితే నాలుగు రోజులు అలిగి ఊరుకునేదాన్ని. నా చేతిలోది నా ముందే నోట్లో వేసుకుని, గేటు దాటి ఉమ్మేసి, ఊరంతా నన్ను పొగిడాడు. ఆ పొగడ్తే నాకు విషమైంది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తల వంచుకుని బండి తుడుస్తూ కూర్చున్నాడు.

తిడుతుండగానే ఖాలా కాలు గుర్తొచ్చింది. చెప్పు ఒరుసుకుని లేచిన పుండు, రెండు నెలలైనా తగ్గలేదు. పరుగున వాళ్లింటికి పోయాను. ఖాలా కాలు చాపుకుని కూర్చుని కట్టు విప్పుతోంది.

"ఖాలా, మా ఆయన ఒక్క ఆకు గూడ నమల్లే. గోలీలే ఏసుకున్నడు. నాకు గూడ ఇప్పుడే ఎరుకైంది. లే, దవాఖానకు పోదాం. మా ఆయన్ని చూసి నువ్వు ఆగమైనవ్."

ఖాలా కట్టు విప్పడం ఆపలేదు.

"నీ మొగుణ్ణి చూసి నేనెందుకు ఇడుస్త బిడ్డా," అంది. "గోలీలు వద్దని నువ్వు చెప్తివి గదా."