మినీ టీచరు సర్దార్‌బీ

మా పల్లెలోకి మినీ అనే మాట బస్సెక్కి వచ్చింది. తొంభై ఎనిమిదిలో సత్తెనపల్లి నుంచి తిప్పిన పొట్టి బస్సును మినీ బస్సన్నారు. ఆ మాట అక్కడితో ఆగిందా? పత్తి బోరేలు మోసే చిన్న బండి మినీ లారీ అయింది. టౌను హోటల్లో సగం భోజనం మినీ మీల్స్. పెళ్లిళ్లకు మినీ హాలు, మా వీధికి మినీ ట్యాంకు. మా అత్త జోహరాబీ అయితే పాలచెంబును కూడా మినీ చెంబు అనేది. మాకు నవ్వులాటగా ఉండేది. రెండువేల ఏడులో ఆ మాటను తెచ్చి ఒక మనిషికి తగిలించారు.

ఆ మనిషి సర్దార్‌బీ. మా వీధామే, పదో తరగతి పాసైంది, మొగుడు పోయాక నాతోపాటు మిరపకోతకు వచ్చేది. జనం తక్కువున్న పల్లె అని మాకు మినీ అంగన్‌వాడీ ఇచ్చి ఆమెను టీచరుగా వేశారు. మినీ అంటే జీతం సగం, ఆయా ఉండదు. పిల్లలు మాత్రం సగం మంది రారు కదా! ఇరవై ఇద్దరు. వండేది ఆమే, ముడ్లు కడిగేది ఆమే, పాటలు నేర్పేది ఆమే. పొయ్యి మీద కిచిడీ పెట్టి, తలుపుకు బయట గడియ వేసి, ట్యాంకు దగ్గరికి పరుగెత్తి బిందెడు నీళ్లు తెచ్చుకునేది. ఆ నాలుగు నిమిషాలూ తన ప్రాణం తన దగ్గర ఉండదని నాతో ఎన్నిసార్లు చెప్పుకుందో.

ఒక్క ఆయా కోసం రెండేళ్లు అర్జీలు పెట్టింది. ఊళ్లో నాలుగు వందల మంది జనం ఉంటే పెద్ద కేంద్రం చేస్తాం, అప్పుడు ఆయాను ఇస్తామన్నారు. ఇల్లిల్లూ తిరిగి నాలుగు వందల పదకొండు పేర్లు రాసిచ్చింది. ఆ రాతలు చెల్లవు, మా మనిషి వచ్చి కళ్లారా చూస్తాడు అన్నారు. ముందురోజు సాయంత్రం ఆమె గడపగడపకూ తిరిగి బతిమాలింది.

"రేపొక్కరోజు పనికి పోమాకండే. తాళాలు ఎయ్యమాకండి. ఆయనకు మీరు కనబడితే చాలు."

సరేనని అందరం తలలూపాం. పొద్దున్నే కూలీలను తీసుకుపోయే మేస్త్రి ఆటో హారన్ కొట్టింది. కోతల్లో ఒక్కరోజు మానితే మన సాలు ఇంకొకరికి ఇచ్చేస్తారు, ఆ సీజనంతా మళ్లీ పిలవరు. మా ఒక్క ఇల్లు లేకపోతే ఏమవుతుందిలే అని ఎవరికి వారే అనుకున్నాం. నేనూ ఎక్కాను, నా బుద్ధి గడ్డి తిని. వచ్చినాయన తాళాలు చూసి, ఊళ్లో జనం రెండొందల అరవై అని రాసుకుపోయాడు. మర్నాడు సర్దార్‌బీ ఎప్పటిలాగే మా పిల్లలకు కిచిడీ వండిపెట్టింది. తిట్టినా బాగుండేది.

నెల తిరగకుండానే, ఆ నాలుగు నిమిషాల్లోనే, నా కూతురు సమీరా కిచిడీ గిన్నె లాక్కుంది. మూడేళ్ల పిల్ల. కుడిచెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది. నేను చేలోంచి నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాను. చేతుల నిండా కారం. గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లను ముట్టుకోవడానికి లేదు. అదే సమయంలో అంగన్‌వాడీ ఆఫీసు నుంచి ఒకాయన కాగితం పట్టుకొచ్చి నన్ను సంతకం పెట్టమన్నాడు. టీచరు నిర్లక్ష్యం వల్లే ఇలా జరిగిందని అందులో ఉంది. సర్దార్‌బీ గోడవారగా నిలబడి ఉంది.

"పెట్టెయ్ జానీబీ," అంది. "గడియేసి పోయింది నేనే."

జనాన్ని లెక్క చూసుకోవడానికి వచ్చిన రోజు తాళం వేసి పోయింది ఎవరో నాకు తెలుసు. తెలిసీ, కోపం పట్టలేక సంతకం పెట్టాను.

ఆమెను తీసేశారు. సగం జీతానికి వేరే ఎవరూ రాలేదు, కేంద్రం మూతపడింది. ఇప్పుడు సమీరా నాతోపాటు చేలోకి వస్తోంది. మచ్చపడిన చెయ్యికి కారం తగలకుండా పాతచీర చుట్టి గట్టు మీద కూర్చోబెడతాను. పక్క సాలులో సర్దార్‌బీ కాయలు కోస్తుంటుంది. ఉండుండి నడుమెత్తి, గట్టు మీద పిల్లలంతా ఉన్నారా అని చూసుకుంటుంది. సమీరా ఆమెను "టీచర్" అని పిలుస్తుంది. నేను తల ఎత్తను.