పట్టుకున్నరంటే బంతి వదలాలె

మా శామీర్‌పేట దిక్కు కబడ్డీ అంటే పానం ఇస్తరు గానీ, ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ అంటే "గదేంది?" అంటరు. కోడిగుడ్డు తీరుగ ఉండే బంతి. చేతులతోని పట్టుకోవచ్చు, కాలుతోని తన్నొచ్చు, విసిరెయ్యొద్దు. పక్కోళ్లకు ఇయ్యాలంటే ఒక చేతిల బంతి పెట్టి, ఇంకో చేతి పిడికిలితోని గుద్దాలె. మేడ్చల్ల పిల్లలకు ఆటలు నేర్పే టీచర్‌ను నేను. మొదట్ల నేను గూడ నవ్విన. ఇప్పుడు గీ ఆటకు సీనియర్ టీమును ఎంచే ముగ్గుర్ల నేనొకదాన్ని.

పోయిన చలికాలం టీముల ఒక్క జాగ మిగిలింది. దానికి ఇద్దరు ఆడపిల్లలు పోటీ. ఒకామె కొంపల్లి నుంచి వచ్చే పొడుగు పిల్ల. ఇంకొకామె రావల్కోల్ పిల్ల, నా దగ్గర నేర్సుకున్నదే. డిగ్రీ చదువుతాంది. వాళ్ల అబ్బా కూరగాయలు పండిస్తడు. ఇంట్ల ఉర్దూ, బయట తెలుగు. మనిషి నా భుజం దాకనే వస్తది. కానీ ఉరుకుడు సూడాలె! వామ్మో, కండ్లు మూసి తెరిసే లోపట గ్రౌండు అటు చివర ఉంటది.

పెద్ద సెలెక్టర్ సారుది కోస్తా దిక్కు. "బాగానే ఆడుతుందండీ, కానీ మరీ పొట్టి. సీనియర్ల మధ్య నలిగిపోతుంది," అన్నడు. నాకు మండింది. "సార్, మనం మనిషిని తీసుకుంటున్నమా, నిచ్చెనను తీసుకుంటున్నమా?" అన్న. ఆయన నవ్విండు గానీ మాట మార్చలే.

నిజం చెప్పాలంటే నా భయం వేరే. ఆ పిల్ల కబడ్డీ నుంచి వచ్చింది. కబడ్డీల నలుగురు పట్టుకున్నా, వాళ్లందరినీ గుంజుకుంట గీత దాక పోవాలె. గీ ఆటల పట్టుకున్నరంటే బంతి వదలాలె, లేకుంటే అది ఎదుటోళ్లకు పోతది. ఎన్నిసార్లు చెప్పిన! తల ఊపేది, మల్ల గదే గుంజుడు. "నీ మొండితనం పాడుగాను, వదులు బిడ్డా!" అని గొంతు పోయేటట్టు అరిసేదాన్ని. "కబడ్డీ ఆదత్ పోతలేదు మేడం," అని నాలిక కర్సుకునేది.

ఆఖరి సెలెక్షన్ మ్యాచ్‌ల ఇద్దరినీ ఒకే దిక్కు పెట్టి సీనియర్ల మీద ఆడిపిచ్చినం. ఆట అయిపోవస్తాంది. బంతి మా పిల్లకు దొరికింది. గోల్ ఎదురుంగనే ఉంది. గంతల్నే ఇద్దరు సీనియర్లు వచ్చి నడుం పట్టుకున్నరు. ఇగ గుంజుతది, అయిపాయె అనుకుంట కుర్చీల నుంచి లేసిన. గుంజలే! పిడికిలితోని టప్పున బంతిని పక్కకు గుద్దింది. అందుకున్నది ఎవలు? గా కొంపల్లి పిల్లనే. తన్నింది, గోల్! అందరు పోయి కొంపల్లి పిల్లను ఎత్తుకున్నరు. మా పిల్ల కిందబడి లేసి, మోచేతికంటిన దుమ్ము దులుపుకుంటాంది.

"చూశారా, గోల్ ఎవరు కొట్టారో!" అన్నడు సారు.

నేను ఊకుంటనా? "ఇచ్చిందెవలో గది గూడ సూడుండ్రి," అని మా పిల్లను పిలిపిచ్చిన.

సారే అడిగిండు. "ఉన్నది ఒక్క చోటు. అది ఆ అమ్మాయికి పోవచ్చని నీకు తెలుసుగా? మరి బంతి తనకే ఎందుకిచ్చావమ్మా?"

పిల్ల పరేషాన్ అయింది. ఏదో తప్పు జేసినట్టు నా దిక్కు చూసింది.

"ఆమె దగ్గర ఎవ్వలు లేకుండె సార్," అన్నది.

సారు పెన్ను తీసి లిస్టుల ఏదో రాసిండు. "సోమవారం పొద్దున్నే సీనియర్ల ప్రాక్టీసు. ఆలస్యం చెయ్యకు," అన్నడు.

పిల్లకు సమజ్ కాలే. నాకైంది. అందరి ముందల సిగ్గు లేకుండ ఏడ్సిన.