తోడల్లుడి మూడడుగులు

నా తోడల్లుడు సముద్రంలో పలక మీద నిలబడతాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికే నాకు కడుపు మండుతుంది. పుట్టింది ముదిగుబ్బలో, మా మాదిరే వాన కోసం మొగం పైకెత్తి పెరిగినవాడు. ఉద్యోగం మంగళూరు దిక్కున దొరికేసరికి అలల మీద స్వారీ చేసేవాడయ్యాడు. నేను గుత్తిలో మా బట్టల అంగట్లో లుంగీలు మడిచేవాణ్ణయ్యాను.

ప్రతి ఆదివారం పొద్దున అతని గొంతు ఫోన్లో వచ్చేది. మా ఇంటామె అందరికీ వినపడేట్టు పెట్టేది.

“ఈపొద్దు బాగుండాది వదినా. గాలి నేల మీదనుంచి సముద్రం దిక్కు తోలతాండాది, అల నున్నగా లేస్తాండాది. మూడడుగులు. అడుగున ఇసుక మేట జరిగినాది, అందుకే ఒక్కసారిగా ఇరిగి పడతాండాది. కొత్తోళ్ళు దిగేది కాదు.”

“విన్నారా, కొత్తోళ్ళు దిగేది కాదంట,” అనేది ఆమె, అలలు తన పుట్టింటి నుంచే పోతున్నట్టు.

ఆ మాట నాకు కొత్త కాదు. అటక మీద మురుగుతున్న చీరను మేమూ “ఇది అందరికీ చూపించేది కాదక్కా” అనే దించుతాం. ఇక ఎవరేం చెప్పినా మనసులో సగం కొట్టేసి తర్వాత నోరు తెరవమని మా నాయన నేర్పాడు. మూడడుగుల్లో సగం కొట్టేశాను. ఒకటిన్నర. మోకాలికి సరి.

“మోకాటి నీళ్ళకు ఇంత బిల్డప్పా? నేనూ దిగతా, చూస్తాండు,” అన్నాను.

ఆమె చూడాలనే అనుకుంది. మరుసటి వారానికే మంగళూరు రైలెక్కించింది.

తీరంలో అతను చెప్పినవన్నీ ఉన్నాయి. గాలి మా వీపు మీదుగా సముద్రంలోకి పోతోంది. నీళ్ళు కాసేపు ఊరకుండేవి, తర్వాత అలలు గుంపుగా వచ్చేవి. ఒక్కొక్కటి మేట దగ్గర నిటారుగా లేచి, గోడౌన్ షట్టర్ చెయ్యి జారినట్టు పడేది. నా తల కంటే ఎత్తు.

పక్కన ఒకచోట మాత్రం అలల్లేవు, నీళ్ళు అణకువగా ఉన్నాయి. మంచి బేరం ఎప్పుడూ జనం లేని చోటే ఉంటుందనుకుని, పంచె ఎగగట్టి అటు నడిచాను. తోడల్లుడు పరిగెత్తుకొచ్చి రెక్క పట్టుకున్నాడు.

“ఆడ వద్దన్నా. అది ఒడ్డుకొచ్చిన నీళ్ళు తిరిగిపోయే పాయ, మనిషిని లోపలికి లాక్కపోతాది. అలవాటైనోళ్ళం, మేము దాన్ని పట్టుకునే లోపలికి పోతాం.”

“మూడడుగులంటివి కదప్పా?”

“మూడే అన్నా. మేము అలను ఎనకనుంచి కొలుస్తాం. ముందరనుంచి రెట్టింపు కనపడతాది.”

ఉన్నదాన్ని తగ్గించి చెప్పే వ్యాపారం ఒకటుందని నాకు నలభై ఏళ్ళొచ్చినా తెలియదు. అతను గొప్పలు చెప్పుకునేవాడైతే ఎంత బాగుండేది. గొప్పలు చెప్పేవాణ్ణి చూసి ఏడవడంలో ఒక సుఖం ఉంది. ఇతను అదీ మిగల్చలేదు.

పలక మీద బోర్లా పడుకుని ఆ పాయలోనే లోపలికి పోయాడు. రెండు అలల్ని వదిలేసి, మూడోదాన్ని ఎంచుకున్నాడు. పడు, పడు అని లోపల్లోపల అనుకున్నాను, దాచుకోవడమెందుకు. పడలేదు. ఆ గోడ మీద ఏటవాలుగా జారుతూ, వెనక అల కూలుతుంటే దాని కంటే ఒక అడుగు ముందే ఉన్నాడు. మా ఇంటామె ఊపిరి బిగబట్టి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్నట్లా చూసిన గుర్తు లేదు.

అతను ఒడ్డుకు వచ్చాక ఆమె నా వైపు తిరిగింది. “ఏమండీ, దిగతానంటిరే?”

నేను నోరు తెరిచేలోపే అతనందుకున్నాడు. “అన్న దిగతాండె వదినా. నేనే పట్టుకుని నిలిపినా.”

అబద్ధం కాదు. నిజమూ కాదు. నా పరువు నా చేతిలో పెట్టాడు; ఆ మంచితనం కూడా అతని ఖాతాకే పోయింది.

ఆమె సంచీలోంచి పొడి తువ్వాలు తీసి మరిదికి అందించింది. నేను నీళ్ళలోంచి వచ్చాక తుడుచుకుంటానని, అంగట్లోంచి నేనే ఎంచి తెచ్చుకున్నది.