వేడి తగలకూడని రాళ్లు

బాబాయి పోయాడని ద్వారకా నగర్‌లో బస్సు దిగుతుంటే పాత ల్యాబ్ మిత్రుడు చెప్పాడు. "నాలుగు రోజులైంది. నీకు తెలీదేటి?" అన్నాడు. తెలీదన్నాను. ఏడుపు రాలేదు. కొనాల్సిన కూరలు కొనుక్కుని ఇంటికెళ్లాను.

మీలో చాలామందికి ఆయనెవరో తెలియదు, పేపర్లో పడే మనిషి కాదు. డెబ్బైల చివర్లో మా భూగర్భశాస్త్ర విభాగంలో రాళ్లను పలచగా కోసి, అరగదీసి ఇచ్చేవాడు. అందరికీ బాబాయే. నేనప్పుడు అక్కడ పరిశోధన చేస్తున్న కుర్రాణ్ణి. ఒక కొండలో సీసం ఎక్కడుందో వెతకడం మా పని. ఖనిజాన్ని మోసుకొచ్చిన వేడినీటి చుక్కలు కొన్ని, కాల్సైట్ అనే మెత్తటి రాయి పెరిగేటప్పుడు అందులోనే చిక్కుకుపోతాయి. ఒక్కో చుక్కలో ఒక బుడగ. మైక్రోస్కోపు కింద మెల్లగా వేడిచేస్తే, బుడగ ఎంత వేడికి మాయమైందో చూసి ఆనాటి నీళ్ల వేడి అంచనా కడతాం. కొండంతా అలా చూస్తే వేడి ఎటు పెరిగిందో, బోరు ఎక్కడ వేయాలో తెలుస్తుంది.

అందుకే ముందుగా ఆ రాయికి వేడి తగలకూడదు. మిగతా రాళ్లను హాట్ ప్లేటు మీద లక్కతో గాజుకి అంటించే బాబాయి, వీటికి మాత్రం చల్లటి జిగురు రాసి రెండ్రోజులు ఆగేవాడు. తొందరపెడితే కసిరేవాడు.

"ఏటి నాయినా ఆ కంగారు? కోట్ల ఏళ్లు ఆగిన నీళ్లవి. నువ్వు రెండ్రోజులు ఆగలేవేటి? నాను సేత్తన్నాను కదా!"

ఒకసారి ఫిషింగ్ హార్బర్‌లో తమ్ముడి పడవ పనుందని ఆయన ఒక పూట సెలవు పెట్టాడు. నా బుద్ధి గడ్డి తింది. ముక్కలన్నీ నేనే హాట్ ప్లేటు మీద అంటించేశాను. మెత్తటి రాయి కదా, లోపలి చుక్కలు సాగిపోయి, లేని వేడి చూపించాయి. నేను చెప్పిన చోట బోరు వేశారు. ఏమీ దొరకలేదు.

ప్రొఫెసర్ గారు ముక్కలు తెప్పించి, లక్క చూసి, "ఎవరిదీ పని?" అన్నారు. నేను మైక్రోస్కోపు వైపు తల తిప్పుకున్నాను. బాబాయి నావైపు ఒక్కసారి చూసి, "నానేనండి. మర్సిపోనాను" అన్నాడు.

ఆయన్ని రాళ్లు కోసే చక్రం దగ్గర్నుంచి తీసేసి గోడౌన్‌లో పడేశారు. మెట్ల దగ్గర పట్టుకుని ఎందుకలా చెప్పావని అడిగాను. "సదువుకుంటన్నావు. నీకు వీలైనప్పుడు నువ్వే సెప్పు" అన్నాడంతే.

నాకు డాక్టరేటు వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. వీలే రాలేదు. ప్రొఫెసర్ గారు రిటైరయ్యారు. బాబాయి గోడౌన్‌లో రాళ్లకు నంబర్లు వేస్తూనే రిటైరయ్యాడు. నేను సిగ్గుతో ఆ ఇంటివైపు వెళ్లడమే మానేశాను.

ఆయన పోయాడని తెలిసిన మర్నాడు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. పిన్ని చాప వేసింది. ఎదురుగా కూర్చుని చెప్పాను, "ఆ రోజు రాళ్లు వేడిచేసింది నేను పిన్నీ."

"తెల్సు నాయినా," అంది. "నువ్వే ఒచ్చి సెప్తావనీవోరు. తలుపు సప్పుడైతే సాలు, 'ఆడేనేమో సూడే' అనీవోరు."

వీధి తలుపు గాలికి కొట్టుకుంది. ఆవిడ అలవాటుగా అటు తిరిగి చూసింది.